డ్రమ్ములో బొంత

మా ఇంటి కింద గోడౌనులో బ్యాండు మేళం దిగిన రోజున వీధంతా వాళ్ళ ఇత్తడి బాకాల తళతళలు చూస్తుంటే, నేను మాత్రం మెడ పైకెత్తి దూలాలు చూస్తూ నిలబడ్డాను. మాది చెక్క నేల. కిందివాళ్ళకి అదే పైకప్పు. వాళ్ళు దింపుతున్న పెద్ద డ్రమ్ము చూస్తే బండి చక్రమంత ఉంది. దాన్ని గట్టిగా బాదితే మా మామగారు పడక్కుర్చీతో సహా వచ్చి బాకాల మీద పడరూ?

“దూలం విరిగేలోపు నీ గుండె ఆగుతుందిలే, కంగారు పడకు,” అన్నారు మా ఆయన.

ఆయన నీళ్ళ మోటార్లు బాగుచేస్తారు. రోజంతా చెవుల్లో మోటారు హోరు పెట్టుకుని బతికే మనిషికి సంగీతమూ ఒకటే, చప్పుడూ ఒకటే. బ్యాండు మాస్టారి షెడ్డు మొదటి వానకే కారిపోయిందట. ఆయన వచ్చి అడిగాడట, ఈయన సరేనన్నారట. వానాకాలం వెళ్ళేదాకా సామాను పెట్టుకోండి, సాధన కూడా ఇక్కడే చేసుకోండి అని మాటిచ్చేశారు. కన్నతండ్రిని ఒక్క మాట అడగలేదు.

ఆ కన్నతండ్రి సామాన్యుడు కాదు. మా ఊళ్ళో వయొలిన్ పట్టినవాళ్ళలో సగం మంది మా మామగారి చేతి మొట్టికాయలు తిన్నవాళ్ళే. ఆయన వాళ్ళ గురువుగారి దగ్గర నేర్చుకున్న పాట ఒకటుంది. మహా నెమ్మది పాట. అది ఎత్తుకున్నప్పుడు పొయ్యి మీద కూర పడేస్తే, పాట దిగేసరికి కూర దిగేది. ఏటా వానలు తగ్గుముఖం పట్టే వేళకి మ్యూజిక్ హాల్లో ఆయన శిష్యుల కచేరీ ఉంటుంది. చివర్లో ఆ పాట ఆయనొక్కరే వాయిస్తారు. ఈసారి మాత్రం, “నా పక్కన మనవరాలు కూర్చుంటుంది. గురువుగారి వయొలిన్ ఆ రోజే దాని చేతిలో పెడతాను,” అని నలుగురిలో అన్నారు. ఆ మాట కోసం మా అమ్మాయి చిన్నప్పటినుంచీ వేళ్ళు కాయలు కట్టేలా వాయించింది. మెడ కింద వయొలిన్ ఆనేచోట మచ్చ కూడా పడింది. అది ఏం జబ్బోనని నేను పిల్లని డాక్టరు దగ్గరికి లాక్కెళితే, ఆయన అది వయొలిన్ రాపిడేనని నవ్వి పంపేశాడు.

అలాంటి ఇంటి కింద పెళ్ళి ఊరేగింపుల బ్యాండు!

మామగారు మొదటిరోజే కిటికీలన్నీ మూయించారు. “బండ మోత,” అన్నారు. కింద శబ్దం పెరిగినప్పుడల్లా చేతికర్రతో నేలమీద ఠక్ ఠక్‌మని కొట్టేవారు. వెంటనే బ్యాండు మాస్టారి గొంతు వినబడేది: “పెద్దాయన కొడుతున్నారు, తగ్గించండ్రా!” తగ్గేది. కాసేపటికి మళ్ళీ పెరిగేది. మళ్ళీ ఠక్ ఠక్. ‘గుండె బలహీనం, పెద్దాయన్ని కంగారు పెట్టకండి’ అని డాక్టరుగారు చెప్పి ఉన్నారేమో, ఆ కర్ర చప్పుడు వినపడితే చాలు, చేతిలో ఏ గిన్నె ఉంటే ఆ గిన్నె జారిపోయేది నాకు.

ఒక మధ్యాహ్నం మామగారు పేపరు చదువుకోడానికి మ్యూజిక్ హాలుకి వెళ్ళారు. అమ్మాయి పై గదిలో గురువుగారి పాట సాధన చేస్తోంది. ఇంతలో కింద బ్యాండు మొదలైంది. పిల్ల ఆపేస్తుందనుకున్నాను. ఆపలేదు. కిందివాళ్ళ ఒక్కో దెబ్బ మీద ఒక్కో అడుగు మోపినట్టు, ఆ నెమ్మది పాటని ఆనించి ఆనించి వాయిస్తోంది. నడుం వంచుకు నడిచే ముసలావిడ ఉన్నట్టుండి నిటారుగా నడిచినట్టుంది ఆ పాట. వంటింట్లో నా సంగతి చూసుకుంటే, చేతిలో గరిటె దానంతటది ఆ దెబ్బకే తిరుగుతోంది. భయమేసి పొయ్యి ఆపేశాను.

“వెళ్ళి కాస్త తగ్గించమని చెప్పిరా,” అని పిల్లని పంపాను. వయొలిన్ చేత్తో పట్టుకునే దిగింది. తిరిగి రాలేదు. మా ఆయన్ని పంపాను. ఆయనా రాలేదు. ఆ గోడౌను మనుషుల్ని మింగేస్తోందా ఏమిటని చివరికి నేనే దిగాను.

మా అమ్మాయి గోనెసంచుల మీద కూర్చుని వాయిస్తోంది. చుట్టూ బ్యాండువాళ్ళు. మా ఆయన బోర్లించిన బకెట్ మీద కూర్చుని చప్పట్లు కొడుతున్నారు, ఒక్కటీ పడాల్సిన చోట పడటం లేదు. నేను ముందు బ్యాండువాళ్ళ వయసులు చూశాను. బట్టతల లేనివాడికి మనవలున్నారు. ఒక భయం తీరింది.

“రండమ్మా, రండి,” అన్నాడు బ్యాండు మాస్టారు క్లారినెట్ చంకలో పెట్టుకుని. “జీవితమంతా పెళ్ళికొడుకుల ముందు నడుస్తూ ఊదినవాళ్ళం. ఇలా కూర్చుని కళ్ళు మూసుకునే పాట మాకెవరు చెప్తారు? ఒక్కటే చిక్కు. మా ఉరుము కొట్టాడంటే మీ ఫిడేలు దోమయిపోతోంది.”

ఉరుము అంటే పెద్ద డ్రమ్ము ఆయన, మాస్టారికి బావమరిది. పేరుకే ఉరుము. ఏదడిగినా చిరునవ్వు తప్ప నోట మాట పెగలదు. చేతులు మాత్రం సుత్తులు.

“మెల్లగా కొట్టు మావయ్యా,” అంది మా అమ్మాయి. అప్పుడే మావయ్య కూడా అయిపోయాడు!

ఆయన మెల్లగా కొట్టాడు. పిల్లి గోక్కున్నట్టుంది. కాస్త గట్టిగా కొట్టాడు. ఫిడేలు మాయం. అందరూ పడీపడీ నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు. “తాతయ్య వచ్చే వేళయింది, పైకి పద,” అని పిల్ల రెక్క పట్టుకున్నాను.

ఆ రోజుకి వచ్చింది. మర్నాటినుంచి మామగారు గొడుగు తీసుకుని అటు వెళ్ళడం, పిల్ల వయొలిన్ తీసుకుని ఇటు దిగడం. నేను మెట్ల మధ్యలో, ఒక చెవి వీధివైపు, ఒక చెవి గోడౌనువైపు పెట్టుకుని కాపలా. మా ఆయనతో చెప్పుకుంటే, “పాటే కదా వాయిస్తున్నారు, దొంగనోట్లు అచ్చేయడం లేదు కదా,” అన్నారు. ఆయన అలాగే అంటారు.

ఇలా ఉండగా ఒకరోజు మామగారికి జలుబు చేసి హాలుకి వెళ్ళలేదు. మధ్యాహ్నం అన్నం తిని పడక్కుర్చీలో కునుకు తీస్తున్నారు. కింద బ్యాండువాళ్ళు టీకి వెళ్ళారు. వచ్చీ రాగానే ఆ డ్రమ్ము మోగుతుంది, ఈయన ఉలిక్కిపడి లేస్తారు, డాక్టరుగారి మాట నిజమవుతుంది. ఇదంతా నాకు కళ్ళకి కట్టినట్టు కనపడింది. చెమ్మకి ఆ డ్రమ్ము వెనకవైపు తోలు చిరిగితే విప్పేసి, కొత్తది వచ్చేదాకా ఒకవైపు తోలుతోనే నెట్టుకొస్తున్నారు. వెనక నోరు బార్లా తెరుచుకుని ఉంది. నోట్లో గుడ్డలు కుక్కితే మనిషే అరవలేడు, డ్రమ్మెంత అనుకుని, పెట్టెలోంచి అమ్మాయి చిన్ననాటి బొంత తీసుకెళ్ళి అందులో కుక్కేశాను.

ఆ బొంత పిల్ల కడుపులో ఉన్నప్పుడు కుట్టినది. నూనె మరకల మా ఆయన చొక్కాలు, నా పాత బట్టలు, మధ్యలో మామగారి పట్టు కచేరీ చొక్కా. చంకలో చిరిగిందని ఆయన పారెయ్యమన్నారు. పట్టుని పారెయ్యబుద్ధి కాక, గుండీలతో సహా కలిపి కుట్టేశాను. ఆయన ఎప్పుడూ గమనించలేదు.

బ్యాండువాళ్ళు తిరిగొచ్చారు. నేను తలుపు చాటున నక్కాను. ఉరుము కర్ర ఎత్తి కొట్టాడు.

దుబ్.

అందరూ ఆయన వంక చూశారు. ఆయన డ్రమ్ము వంక చూశాడు. “ఏమైందిరా, అన్నం తినలేదా?” అన్నాడు మాస్టారు. అప్పటికే మెట్లు దిగి వచ్చిన మా అమ్మాయి, “మళ్ళీ కొట్టు మావయ్యా,” అని వయొలిన్ అందుకుంది. దుబ్. మూసిన తలుపు అవతల ఎవరో నడుస్తున్నట్టు, మెత్తగా, నిబ్బరంగా. దాని మీద వయొలిన్ వచ్చి కూర్చుంది. ఏ తీగ ఎక్కడ కదిలిందో నా చెవికే తెలిసిపోతోంది. మాస్టారు గబగబా క్లారినెట్ నోట్లో పెట్టుకుని, మామూలుగా ఊదే దాంట్లో సగం గాలితో ఊదాడు. బాకావాళ్ళు బాకాలు గోడవైపు తిప్పుకున్నారు. అప్పటిదాకా ఎవరి పాట వాళ్ళు వాయించుకుంటున్నవాళ్ళు, అప్పుడే ఒకరి మాట ఒకరు వింటున్నట్టుంది.

పాట అయ్యాక ఉరుము వంగి డ్రమ్ములోకి చూసి, బొంత కొస పట్టుకున్నాడు. ఇక దాగి లాభం లేదు.

“నేనే బాబూ. పెద్దాయన పడుకున్నారని... తీసేస్తాను,” అన్నాను.

“వద్దక్కా!” అని అరిచాడు ఉరుము. ఆ మనిషి గొంతు నేను వినడం అదే మొదలు.

మోత తగ్గింది కదా, ఇక భయం లేదని నేను కూడా కాస్త ఏమరుపాటుగా ఉన్నాను. అదే కొంప ముంచింది. ఒకరోజు వాన ఊపందుకుని మామగారు సగం దారిలోంచే వెనక్కి వచ్చేశారు. నేను చూసుకునేసరికి మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు, గొడుగులోంచి నీళ్ళు కారుతున్నాయి. లోపల గురువుగారి పాట, డ్రమ్ము, బాకాలు, మనవరాలు. పాట అయ్యేదాకా అలాగే నిలబడ్డారు. గొడుగు ముడిచి పైకి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్న పాఠం లేదు. గురువుగారి వయొలిన్ ఉన్న పెట్టె బీరువాలోకి వెళ్ళిపోయింది.

“నా దగ్గర ఒకలాగా, కింద ఒకలాగా కుదరదు. ఏదో ఒకటి తేల్చుకో,” అన్నారు మామగారు.

“రెండుచోట్లా మీ పాటే కదా తాతయ్యా నేను వాయిస్తున్నది?”

“పెళ్ళిళ్ళలో బూందీలా పంచడానికి కాదు గురువుగారు నాకిచ్చింది.”

పిల్ల ఏడుస్తుందేమో అని చూశాను. ఏడవలేదు, అందుకే ఎక్కువ భయమేసింది. గదిలోకి వెళ్ళి తన వయొలిన్ కూడా పెట్టెలో పెట్టి మూత వేసేసింది. తాత చెప్పింది కాదంటుందా, అనదు. కిందిది వదులుకుంటుందా, మనసొప్పదు. అందుకని రెండూ మానేసింది.

“పోనీ కిందిది మానెయ్యవే. కచేరీ ముందుంది. ఆ వయొలిన్ కోసమే కదా నువ్వు పుట్టినప్పటినుంచీ...” అని గడ్డం పట్టుకుని బతిమాలాను.

“అమ్మా, నువ్వు అసలు విన్నావా మేం వాయించింది?” అంది.

వంటింట్లో, పెరట్లో, బట్టలు ఆరేస్తూ నేను ఆ దుబ్ దుబ్ కూనిరాగం తీస్తున్నానని ఎలా చెప్పను?

ఇల్లు మూగదైపోయింది. ఒకే గదిలో తాత పడక్కుర్చీలో, మనవరాలు కిటికీ దగ్గర. మాటల్లేవు. “నీళ్ళిమ్మను,” అని ఆయన నాతో అంటారు, అది లేచి ఇస్తుంది. కిందివాళ్ళు కూడా మా మొహాలు చూసి కొన్నాళ్ళు బాకాలు ముట్టలేదు. కానీ ఎన్నాళ్ళని ఊరుకుంటారు? నోటిదగ్గరి కూడు కదా. ఒక సాయంత్రం కిటికీ రెక్కలోంచి మెల్లగా పాట వచ్చింది. గురువుగారి పాటే. పిల్ల లేకుండా వాళ్ళే అవస్థపడుతున్నారు. పాట మధ్యలో ఒక మలుపు ఉంది, అక్కడ ఒక్క క్షణం ఆగి దిగాలి. వాళ్ళు ఆగకుండా దూకేస్తున్నారు.

వాళ్ళు దూకగానే కిటికీ దగ్గర పిల్ల మొహం చిట్లించింది. పడక్కుర్చీలో తాత కూడా చిట్లించారు. ఇద్దరి మొహాలూ ఒకే అచ్చు. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నారు, మళ్ళీ దూకారు. పంటికింద రాయి పడ్డట్టు మళ్ళీ ఇద్దరికీ ఒకేసారి.

మూడోసారి మామగారు కర్ర అందుకున్నారు. ఠక్.

నా పైప్రాణాలు పైనే పోయాయి. మెట్లు ఎలా దిగానో తెలియదు. “ఆపండి బాబూ, ఆపండి! పెద్దాయన కొడుతున్నారు!”

ఆపేశారు. పైన మాత్రం కర్ర ఆగలేదు. ఠక్... ఠక్... ఠక్. అందరం తలలెత్తి దూలాల వంక చూస్తూ నిలబడ్డాం. దూలాలకి వేసిన సున్నం పొడి రాలి మాస్టారి బట్టతల మీద పడుతోంది.

“ఇంకా ఆపరేంటి? మేం ఊదట్లేదు కదా?” అన్నాడు మాస్టారు బిక్కమొహంతో.

ఉరుము తల పక్కకి వాల్చి వింటున్నాడు. “తిట్టడం లేదు బావా,” అన్నాడు. “తాళం వేస్తున్నారు. చూడు, మలుపు దగ్గర ఆగారు.”

కర్ర ఎత్తి ఆ ఠక్ మీద దుబ్‌మని వేశాడు. పైన ఠక్, కింద దుబ్. మాస్టారు క్లారినెట్ ఎత్తాడు. మలుపు వచ్చింది. కర్ర ఆగింది, డ్రమ్ము ఆగింది, అందరం ఊపిరి బిగపట్టాం, దిగింది పాట. అప్పుడు పైన పిల్ల వయొలిన్ కలిసింది.

నేను మెట్ల మధ్యలో కూలబడ్డాను. పైనుంచి వయొలిన్, కిందినుంచి బ్యాండు, నేను నడుమ. ఎటు వెళ్ళాలో తెలియక పాట అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. పైకి వెళ్ళేసరికి మామగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. “కూర మాడుతోంది చూసుకో అమ్మాయ్,” అన్నారు. నిజంగానే మాడింది.

అక్కడినుంచి నా కాళ్ళకి పని పడింది. ఆయన కిందికి దిగరు, వాళ్ళు పైకి ఎక్కరు. మధ్యలో కబుర్లు మోసేది నేను.

“ఆ ఊదేవాళ్ళతో చెప్పమ్మా, పాటని తోసుకుంటూ వెళ్ళొద్దు, దాని వెనక నడవమను.”

దిగి చెప్పేదాన్ని. “అలాగేనమ్మా. కానీ పెద్దాయన్ని అడగండి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో? ఫిడేలుకి ఊపిరితిత్తులుండవు, మాకుంటాయి కదా!”

ఎక్కి చెప్పేదాన్ని. మామగారు “అదీ నిజమే,” అని పాటలో రెండుచోట్ల కొత్తగా విరామం పెట్టారు. ఆ ఖాళీల్లో ఉరుము ఒక చిన్న వాయింపు వేస్తే, “అదేదో బాగుంది, ఉంచమను,” అన్నారు. గురువుగారి పాటలో ఇంకొకరి వేలు పడనివ్వని మనిషి!

ఈ కబురు హాలు సెక్రటరీగారి చెవిన పడింది. ఆయన గొడుగేసుకుని పరుగున వచ్చారు. “మాస్టారూ, వీధి మేళాన్ని హాల్లోకి తెస్తారని విన్నాను. నిజమేనా?”

“తేవడమేముంది? ఈ వానల్లో వాళ్ళని బయట నిలబెట్టడం ఏం మర్యాద చెప్పండి? లోపలికి రమ్మన్నాను,” అన్నారు మామగారు.

కచేరీ రోజున నేను మొదటి వరసలో కూర్చోకుండా, ఎందుకైనా మంచిదని వేదికని ఆనుకున్న పక్క తలుపు దగ్గర నిలబడ్డాను. శిష్యులంతా వాయించారు. మామగారు, అమ్మాయి వేదిక మీదికి వెళ్ళారు. మామగారు పక్క తలుపు వైపు చెయ్యి ఊపారు. హాలంతా తలలు తిప్పి చూస్తుండగా బ్యాండువాళ్ళు తడి చెప్పులు బయట విడిచి ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. ఉరుము దగ్గర వచ్చింది చిక్కు. ఆ చక్రమంత డ్రమ్ము తలుపులో ఇరుక్కుంది. ముందునుంచి మాస్టారు లాగాడు, వెనకనుంచి మా ఆయన తోశారు. ఒక్క కుదుపుతో లోపలికి వచ్చింది గానీ, బొంత జారి వేదిక మీద బార్లా పరుచుకుంది. ఎదురుగా పట్టు చొక్కా. ముత్యపు చిప్ప గుండీలతో సహా.

మామగారు వంగి చూశారు. కర్రతో కాస్త కదిపి మళ్ళీ చూశారు.

“ఇది నా కచేరీ చొక్కా కదూ?”

నాకు భూమి రెండుగా చీలిపోతే బాగుండనిపించింది. “మీరు పారెయ్యమన్నారు మామయ్యా...” అన్నాను. హాలంతటికీ వినపడింది.

ఆయన ఆ గుండీని రెండు వేళ్ళతో తడిమారు. ఉరుము మొహం చూశారు, డ్రమ్ము లోపలికి చూశారు, నా మొహం చూశారు. ఇన్నాళ్ళూ ఆ మెత్తదనం ఎక్కడినుంచి వస్తోందో ఆయనకి అప్పుడు అర్థమైనట్టుంది.

“సరిగ్గా కుక్కమ్మా,” అన్నారు. “జారితే మోత మారుతుంది.”

నలుగురిలో నోరెత్తని నేను వేదికెక్కి, మోకాళ్ళ మీద కూర్చుని బొంత కుక్కాను. తలుపు దగ్గరి కుదుపుకి డ్రమ్ము అంచు విరిగిందేమో, చెయ్యి తీస్తే చాలు, బొంత జారుతోంది. ఇంక దిగడానికి వ్యవధి లేదు. డ్రమ్ము వెనకే కూలబడి రెండు చేతులతో పట్టుకున్నాను. అక్కడినుంచి చూశాను, మామగారు బీరువాలోంచి తెచ్చిన ఆ పాత వయొలిన్ అమ్మాయి ఒళ్ళో పెడుతున్నారు. “దీని తీగలు నా వేళ్ళకి గట్టిగా ఉన్నాయి. నువ్వే పట్టు,” అని పిల్ల వయొలిన్ తను తీసుకున్నారు. అంతే. నలుగురిలో ఇస్తానన్నది, చెప్పా పెట్టకుండా ఇచ్చేశారు. మా అమ్మాయి దాన్ని మెడ కింద మచ్చకి ఆనించుకుంది.

దుబ్. నా చేతుల్లోంచి, భుజాల్లోంచి మోగింది.

డ్రమ్ము అడ్డం వచ్చి నాకు జనం మొహాలు కనపడలేదు. మెచ్చుకుంటున్నారో, తిట్టుకుంటున్నారో, లేచి వెళ్ళిపోతున్నారో ఏమీ తెలియదు. డ్రమ్ము కిందనుంచి కనపడేవి పాదాలే. మొదటి వరసలో సెక్రటరీగారి నల్ల బూట్లు, మేకులు కొట్టినట్టు బిగుసుకుని ఉన్నాయి. మలుపు వచ్చింది. హాలంతా ఊపిరి ఆపింది. పాట దిగింది. నల్ల బూటు ముందు కొస లేచింది, నేలకి తగిలింది. మళ్ళీ లేచింది. దాని పక్కన ఇంకో జత. దాని వెనక చిన్నపిల్లవో ఏమో నేలకి అందని పాదాలు, గాల్లోనే ఊగుతున్నాయి. ఒక్క జత మాత్రం పడాల్సిన చోట పడటం లేదు. అవి మా ఆయనవి.

ఇప్పుడు మా ఊళ్ళో ఏ పెళ్ళికైనా ‘బొంత మేళం’ కావాలంటారు. డ్రమ్ముల్లోకి బొంతలు నేనే కుట్టిస్తాను, ఎవరింటి పాతబట్టలు వాళ్ళవే తెమ్మంటాను. బ్యాండువాళ్ళ షెడ్డు బాగుపడి ఎప్పుడో వెళ్ళాల్సింది, వాళ్ళూ వెళ్ళలేదు, మామగారూ వెళ్ళనివ్వలేదు. సాయంత్రం అవగానే పైన ఠక్, కింద దుబ్. సున్నం రాలుతూనే ఉంటుంది. ఏదో ఒకరోజు ఆ దూలం కూలి తీరుతుందని నేను ఇప్పటికీ చెప్తున్నాను. ఎవరూ వినిపించుకోరు. నేను కూడా గరిటె తిప్పుతూనే చెప్తాను.